కంప్యూటరునకు స్వాపు స్థలము వలయునా?



కంప్యూటరు కొనబోవువారు అంగడిలో మొట్టమొదట అడుగు ప్రశ్న "ర్యాము ఎంత?" అని. ఎనిమిది గిగాబైట్లు చాలునని ఒకరు, పదునాఱు కావలెనని ఒకరు, ముప్పదిరెండు లేనిదే పని జరుగదని వేఱొకరు. ఇరువది యేండ్ల క్రిందట కార్యాలయముల బల్లలపై నుండిన యంత్రములకు లేని స్మృతి నేడు విద్యార్థి చేతిసంచిలోని ల్యాప్‌టాపునందు ఉన్నది. ఇట్టి కాలమున, డిస్కులో కొంత భాగమును ప్రత్యేకించి దానిని స్మృతికి తోడుగా నుంచు పాత ఆచారము ఇంకను అవసరమా అను సందేహము పలువురకు కలుగుచున్నది. అట్లు ప్రత్యేకించిన భాగమునకు స్వాపు అని పేరు. విండోసు వాడువారు దానినే పేజీఫైలు అందురు.

స్వాపు వలదనువారి వాదము మిగుల సరళమైనది. "స్మృతి చాలినంత యున్నచో స్వాపుతో పని లేదు. చాలకున్నచో స్వాపు వలన యంత్రము నత్తనడక నడచును. కావున ఏ విధమున చూచినను అది నిరర్థకము." వినుటకు ఇది తిరుగులేని తర్కమే. కాని ఇందొక లోపమున్నది. స్వాపు అనునది స్మృతికి బదులుగా ఏర్పడిన వస్తువని ముందే అంగీకరించి ఈ వాదము బయలుదేఱినది. స్వాపు స్మృతికి బదులు కాదు. దాని ఉద్యోగము వేఱు. ఆ ఉద్యోగమేమో తెలిసికొన్న పిమ్మట, అది కావలెనో వలదో, కావలసినచో ఎంత కావలెనో, ఎవరికి వారే నిర్ణయించుకొనవచ్చును.

ముందుగా వేగముల సంగతి. ర్యామునుండి ఒక అంశమును తెచ్చుకొనుటకు ప్రాసెసరునకు ఇంచుమించు సెకండులో కోటివ వంతు కాలము పట్టును. నేటి మంచి ఎస్ఎస్‌డీ నుండి తెచ్చుటకు సెకండులో పదివేలవ వంతు. తిరుగు పళ్లెములు గల పాత హార్డుడిస్కునుండి తెచ్చుటకు నూఱవ వంతు. ఈ భిన్నములు చెవికి ఒకే తీరున వినబడును గాని వాని నడుమ అంతరము చాల గొప్పది. ర్యామునుండి తెచ్చుటకు ఒక్క సెకండు పట్టుననుకొనుడు. ఆ లెక్కను ఎస్ఎస్‌డీ నుండి తెచ్చుటకు పదునేడు నిమిషములు, హార్డుడిస్కునుండి తెచ్చుటకు ఒక పగలు, ఒక రాత్రి, ఆపైన ఇంచుమించు నాలుగు గంటలు పట్టును. ఇంకొక లెక్క చెప్పెదను. వేయిమాఱులలో తొమ్మిదివందల తొంబదితొమ్మిది మాఱులు కావలసినది ర్యాములోనే దొరకి, ఒక్కమాఱు మాత్రము ఎస్ఎస్‌డీకి పోవలసివచ్చినను సగటు కాలము రెట్టింపగును. ఆ ఒక్కమాఱు హార్డుడిస్కునకు పోవలసివచ్చినచో సగటు నూఱు రెట్లగును. వేయింట ఒక్కటి! దీనిని బట్టి డిస్కు ఎన్నడును ర్యామునకు బదులు కాజాలదని స్పష్టమగుచున్నది. స్వాపు వలదనువారు చెప్పు మాటలలో ఈ భాగము ముమ్మాటికి నిజము.

మఱి ఇంత మందమైన వస్తువును స్మృతితో జతపఱచవలెనను ఆలోచన ఏల కలిగెను?

ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున టామ్ కిల్బర్న్ నాయకత్వమున నిర్మింపబడిన అట్లాస్ అను కంప్యూటరు 1962 డిసెంబరు 7వ తేదీన ప్రారంభమైనది. దాని ముఖ్యస్మృతి సన్నని అయస్కాంతపు టుంగరములతో కూర్చినది. అందు, ఒక్కొక్కటి 48 బిట్లు గల ఖండములు 16,384 పట్టును. దానికి తోడుగా గిఱ్ఱున తిరుగు అయస్కాంతపు పీపాలు నాలుగుండెను. వానియందు అట్టి ఖండములు 98,304 పట్టును. అంతకు పూర్వపు యంత్రములలో, ఏ ముక్క ఎప్పుడు పీపానుండి లోనికి రావలెనో, ఏది బయటికి పోవలెనో, ప్రోగ్రాము వ్రాయువాడే ప్రతి అడుగునను లెక్క వేసికొనవలసియుండెను. బుద్ధిమంతునకు సయితము అది తల తిరుగు పని. అట్లాసునందు ఆ భారమును యంత్రమే వహించెను. ముఖ్యస్మృతిని 512 ఖండముల చొప్పున ముప్పదిరెండు పుటలుగా విభజించిరి. ప్రోగ్రాము వ్రాయువానికి రెండు తావులున్నవను సంగతియే తెలియనక్కఱ లేదు. అంతయు ఒకే విశాలమైన స్మృతివలె కనబడును. కావలసిన పుట లోపల లేనిచో యంత్రము పనిని క్షణకాలము నిలిపి, పీపానుండి దానిని తెప్పించి, మరల సాగించును. చోటు కొఱకు ఏ పుటను బయటికి పంపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, ఇంతవరకు ఏ పుట ఎంతకాలము ఊరక పడియున్నదో గమనించి, ఇకముందు బహుకాలము అక్కఱపడని దానిని ఊహించి పంపు ప్రోగ్రామొకటి అందే యుండెను. దీనికి వారు ఏకస్థాయి నిలువ యని పేరు పెట్టిరి. నేడు వర్చువల్ మెమరీ యని మనము వ్యవహరించు దానికి మూలము ఇందున్నది.

పేరును గూర్చి ఒక మాట. తొలినాటి యునిక్సు పీడీపీ-11 యంత్రములపై నడచినప్పుడు, చోటు చాలనిచో ఒక ప్రోగ్రామును మొత్తముగా ఎత్తి డిస్కులో పడవేసి వేఱొక దానిని లోనికి తెచ్చుచుండెను. అది నిజముగా మార్పిడియే. స్వాపు అను మాటకు అర్థము సరిపోయినది. 1979 చివర బర్కిలీ విశ్వవిద్యాలయము వెలువరించిన యునిక్సులో పుటల వారిగా పంపుట వచ్చెను. పద్ధతి మాఱినను పేరు మాత్రము మిగిలినది.

నేటి యంత్రములలో సామాన్యముగా ఒక పుటకు 4096 బైట్లు. ఎనిమిది గిగాబైట్ల ర్యాములో ఇట్టి పుటలు ఇరువది లక్షలకు పైగా నుండును. ఈ పుటలన్నియు ఒకే జాతివి కావు. స్వాపును గూర్చిన వివాదమంతయు ఈ జాతిభేదమును మఱచుట వలన పుట్టినదే కావున ఇచ్చట కొంచెము నిలిచి చూతము.

ఒక వకీలుగారి బల్లను తలచుకొనుడు. బల్లపై రెండు విధములైన కాగితములుండును. మొదటివి అచ్చు పుస్తకములు. చట్టములు, తీర్పుల సంపుటములు. రెండవవి వకీలుగారు స్వహస్తముతో వ్రాసికొన్న చిత్తు కాగితములు. కక్షిదారు చెప్పిన మాటలు, సాక్షి నడుగవలసిన ప్రశ్నల వరుస, సగము వ్రాసిన అర్జీ. బల్ల నిండినప్పుడు చోటు చేయవలసినవాడు గుమాస్తా. అచ్చు పుస్తకమును తీయుట అతనికి సులువు. గోడ ప్రక్క బీరువాలో దాని తావు దానికున్నది. మరల కావలసినచో తెచ్చుకొనవచ్చును. చిత్తు కాగితము అట్లు కాదు. దానికి వేఱు ప్రతి లేదు. పాఱవేసినచో పోయినట్లే. దానిని బల్లపై నుండి తీయవలెనన్న పెట్టుట కొక సొరుగు కావలెను.

కంప్యూటరులో అచ్చు పుస్తకముల వంటివి డిస్కులో మూలప్రతి గల పుటలు: ప్రోగ్రాముల ఆదేశములు, లైబ్రరీలు, చదువుటకు తెఱచిన ఫైళ్లు. చిత్తు కాగితముల వంటివి ప్రోగ్రాములు నడచుచుండగా తాము కల్పించుకొన్న పుటలు: బ్రౌజరులో తెఱచిన పేజీల స్వరూపములు, ఇంకను భద్రపఱుపని ఉత్తరము, లెక్క నడుమ ఫలితములు. వీనికి డిస్కులో ఏ ఫైలును ఆధారము లేదు; అందుచేతనే వీనిని అనామకపుటలని ఈ శాస్త్రమునందు వ్యవహరింతురు. గుమాస్తా స్థానమున నున్నది కెర్నెలు. సొరుగు స్వాపు.

ఇప్పుడు ఆ సొరుగును తీసివేసి చూడుడు. ఆఱు నెలల క్రిందటి వ్యాజ్యమునకు సంబంధించిన చిత్తు కాగితములు బల్లపై కట్టలుగా నున్నవి. వకీలుగారు వానివైపు చూచుటయే లేదు. కాని పాఱవేయుమని చెప్పను లేదు. గుమాస్తా వానిని ముట్టరాదు. చోటు కావలసివచ్చినప్పుడెల్ల అతడు తీయగలిగినవి అచ్చు పుస్తకములు మాత్రమే. నేడు వాదింపబోవు వ్యాజ్యమునకు నిమిషనిమిషమును కావలసిన సంపుటము సయితము బీరువాకు పోవలసినదే. వకీలుగారు ఒక వాక్యము చదివి తల యెత్తి దించునప్పటికి పుస్తకము లేదు. తెమ్మనిన గుమాస్తా తెచ్చును. అది పెట్టుటకై వేఱొక పుస్తకమును తీయును. మఱుక్షణమున ఆ తీసినదే కావలసివచ్చును. సొరుగు లేని బల్లయొద్ద గుమాస్తాకు దినమంతయు బీరువా చుట్టు ప్రదక్షిణములే పని. ఆ పాత కట్టలు మాత్రము దర్జాగా బల్లపైనే కూర్చుండును.

స్వాపు లేని లినక్సు యంత్రమున స్మృతి నిండవచ్చినప్పుడు జరుగునది సరిగా ఇదియే. నడచుచున్న ప్రోగ్రాముయొక్క ఆదేశములు గల పుటలనే కెర్నెలు విడిచిపుచ్చి, మఱుక్షణమున డిస్కునుండి వానినే మరల చదువుచుండును. తెఱపై బాణము కదలదు. మీట నొక్కినచో పలుకదు. డిస్కు దీపము మాత్రము ఆఱక వెలుగుచుండును. "స్వాపును తీసివేసితిని గదా, డిస్కు ఏల ఇంకను కొట్టుకొనుచున్నది?" అని యజమాని ఆశ్చర్యపడును. స్వాపును తీసివేయుట వలన డిస్కు రాకపోకలు నిలువవు. ఏ పుటలు రాకపోకలు చేయవలెనను ఎంపిక సంకుచితమగును, అంతే. వలదనువారి తర్కము తప్పిన చోటు ఇదియని నా యభిప్రాయము.

ప్రతి యంత్రమునందును ఇట్టి నిద్రించు చిత్తుపుటలు కొన్ని యుండును. యంత్రమును తెఱచిన వెంటనే ఒక్కమాఱు పని చేసి పిమ్మట కదలని సేవలు, ఎన్నడో గాని పిలువబడని ప్రింటరు కొఱకు కాచుకొనియుండు ప్రోగ్రాము, నాలుగు దినముల క్రిందట తెఱచి మఱచిన బ్రౌజరు పేజీ. వీనిని స్వాపునకు పంపి, ఆ చోటును తఱచుగా చదువు ఫైళ్ల ప్రతులకు ఇచ్చుట లాభమే గాని నష్టము కాదు. కావున, ర్యాములో చోటుండగనే స్వాపులో కొన్ని మెగాబైట్లు చేరినవని చూచి ఎవరును కలవరపడనక్కఱ లేదు. గుమాస్తా తన పని తాను చేసినాడు.

అయినను సొరుగు బల్ల కాదు. ఈ విషయమును స్పష్టముగా నిరూపించినవాడు పీటర్ డెన్నింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు. ప్రతి ప్రోగ్రాము ఒక్కొక్క కాలఖండమున నిజముగా తాకు పుటలు కొన్ని మాత్రమే యుండుననియు, వానినే దాని వర్కింగ్ సెట్టుగా గణింపవలెననియు 1968లో అతడు ప్రకటించెను. ఏకకాలమున నడచు ప్రోగ్రాములన్నిటి వర్కింగ్ సెట్టులను కూడగా వచ్చిన మొత్తము ర్యామును మించినచో, యంత్రము పని మాని పుటలను మోయుటతోనే కాలము గడపును. ఈ స్థితికి థ్రాషింగ్ అని పేరు. గిలగిల కొట్టుకొనుట యని దాని భావము. దీనికి మందు స్వాపును పెంచుట కాదు. నడచు ప్రోగ్రాముల సంఖ్యను తగ్గించుట, లేదా ర్యామును పెంచుట. నిద్రించు పుటలకు స్వాపు ఎంత ఉపకారియో, పని చేయు పుటలకు అంత నిరుపయోగి.

ఈ రెండవ సత్యమును మఱపించి సొమ్ము చేసికొనువారు నేడు లేకపోలేదు. 2021 మొదలుకొని కొన్ని ఫోన్ల పెట్టెలపై "8 జీబీ + 8 జీబీ ర్యాము" అని అచ్చువేయు ఆచారము బయలుదేఱినది. మొదటి ఎనిమిది నిజమైన ర్యాము. రెండవ ఎనిమిది ఫోనులోని ఫ్లాష్ నిలువనుండి ప్రత్యేకించిన స్వాపు. రెంటి నడుమ నొక కూడిక గుర్తు పెట్టి, పదునాఱు అని అంగడివాడు చెప్పును. వేయిరెట్లు మందమైన వస్తువును ర్యాముతో కూడుట, ఎకరమును సెంటుతో కూడి రెండు అనుట వంటిది. ఆ యేర్పాటు వలన ఉపయోగమే లేదని నేననను; వెనుకకు నెట్టిన ఆప్ మూతపడక కొంతసేపు నిలుచుటకు అది తోడ్పడవచ్చును. కాని పదునాఱు గిగాబైట్ల ఫోనుకు చెల్లింపదగిన వెలను దానికి చెల్లింపరాదు. కొనునప్పుడు మొదటి యంకెను మాత్రమే చూడుడు.

ఇక అసలు కష్టము తటస్థించు చోటికి వత్తము. చిన్న ఊరిలో నాలుగు గిగాబైట్ల పాత ల్యాప్‌టాపుతో పెండ్లిపత్రికలు కూర్చు డీటీపీ పనివానిని ఊహింపుడు. మాఘమాసమున ముహూర్తములు ముమ్మరముగా నున్నవి. ఒక ప్రక్క పత్రిక కూర్పు, ఒక ప్రక్క వధూవరుల ఛాయాచిత్రమును దిద్దు ప్రోగ్రాము, వేఱొక ప్రక్క బ్రౌజరులో వాట్సాప్. ఎవరో హితైషులు చెప్పగా అతడు స్వాపును తీసివేసినాడు. అతని యంత్రము లినక్సుతో నడచునదైనచో, చోటు పూర్తిగా నిండి, విడిచిపుచ్చదగిన పుటలును మిగులనప్పుడు, కెర్నెలు ఒక ప్రోగ్రామును ఎన్నుకొని చంపును. ఈ పనికి నియమితమైన భాగమునకు ఓఓఎమ్ కిల్లర్ అని పేరు, ఘాతుకుడనియే అర్థము. సామాన్యముగా ఎక్కువ స్మృతిని ఆక్రమించినదియే దానికి బలి. ఎక్కువ స్మృతిని ఆక్రమించినదో, తఱచుగా మనము పని చేయుచున్నదియే! గంటసేపు దిద్దిన చిత్రము భద్రపఱుపకముందే, ఒక హెచ్చరికయైన లేక, మాయమగును.

అతనిది విండోసు యంత్రమైనచో కథ వేఱు విధముగా నడచును. ప్రోగ్రాములు స్మృతిని ముందుగా కోరి యుంచుకొనును. కోరినదంతయు వెంటనే వాడుకొనవు. విండోసు తాను ఇచ్చిన మాటకు పూర్తి పూచీ యుండవలెనను నియమము గలది. ర్యామును పేజీఫైలును కూడగా వచ్చినంత మేరకే అది మాట యిచ్చును. పేజీఫైలును తీసివేసినచో ఆ పరిమితి ర్యాము మేరకే తగ్గును. అప్పుడు ర్యాములో కొంత చోటు నిజముగా ఖాళీగా నున్నను, ఇచ్చిన మాటల మొత్తము నిండినందున, కొత్తగా అడిగినవానికి లేదనును. అడిగి లేదనిపించుకొన్న ప్రోగ్రాములు పెక్కు అక్కడికక్కడ కూలిపోవును. పేజీఫైలు ఉన్నచో, అందులో ఒక్క బైటు వ్రాయకున్నను, ఈ చిక్కు తప్పును. నిలువలోని ధాన్యమును తీయకుండగనే గాదె ఉన్నదను ధైర్యముతో అప్పు పుట్టుట మనమెఱుగని విషయమా?

స్వాపు ఉన్నంతమాత్రమున అతని ల్యాప్‌టాపు వేగము పుంజుకొనదు. కాని అది మందగించుట అతనికి కనబడును. కనబడినప్పుడు చిత్రమును భద్రపఱచి బ్రౌజరును మూసికొనును. మందగించుటకును చచ్చుటకును నడుమ లభించు ఆ రెండు మూడు నిమిషములే అతని జీవనాధారము. డిస్కు పాతకాలపు హార్డుడిస్కైనచో ఆ మందగమనము అరగంట స్తంభనముగా పరిణమించుటయు కలదు. ఆ మాట దాచను. అయినను పోయిన పనికంటె నిలిచిన పని మేలని నేను తలంచుచున్నాను. అతనికి ర్యాము కొని వేసికొమ్మని చెప్పుట సులువు. ఇప్పటి పలుచని ల్యాప్‌టాపులు పెక్కింటిలో ర్యాము బోర్డునకే అతికింపబడి, మార్చుటకు వీలు లేక యున్నది.

బీదయంత్రముల నిమిత్తము స్వాపు పుట్టుట కొత్త గాదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్సును తొలిసారి వెలువరించినప్పుడు అందు స్వాపు లేదు. జర్మనీ దేశమున ఒకరి యంత్రమునకు రెండే మెగాబైట్ల ర్యాము. కెర్నెలును కంపైలు చేసికొనుటకు అది చాలకపోయెను. టోర్వాల్డ్స్ ఆ క్రిస్మస్ దినములలో కూర్చుండి పుటలను డిస్కునకు పంపు విధానమును వ్రాసెను. నేడు లోకమందలి మహాయంత్రములను నడపుచున్న వ్యవస్థలో ఈ భాగము రెండు మెగాబైట్ల మనిషి కొఱకు చేరినది.

పెద్ద సర్వర్ల సంగతి వేఱు. ఒకే పనిని నూఱు యంత్రములు పంచుకొని చేయు చోట, ఒకటి చచ్చినచో మిగిలినవి దాని పనిని వెంటనే అందుకొనును. అది సగము ప్రాణముతో ఈడ్చుకొనుచున్నచో అందఱికిని ఆలస్యమే. కావుననే అట్టి యంత్రసమూహములను నడపు కుబర్నెటీస్, స్వాపు ఉన్న యంత్రముపై తన సేవకుడు పని మొదలిడకుండునట్లు బహుకాలము కట్టడి చేసెను. 2021లో మాత్రము ఆ కట్టడిని పరీక్షార్థము సడలించినది. స్మృతి కొఱతను కనిపెట్టి ముందుగనే ప్రోగ్రాములను మూయు సిస్టమ్‌డీ-ఊమ్‌డీ వంటి కావలివాండ్రు ఇటీవల వచ్చిరి. వారి పనికి కొంత స్వాపు ఉండుట మేలని దానిని వ్రాసినవారే చెప్పుచున్నారు. కావలివాడు కేక వేయుటకైనను కొంత వ్యవధి కావలెను గదా.

ఇప్పుడు "ఎంత?" అను ప్రశ్న. ర్యామునకు రెట్టింపు స్వాపు ఉండవలెనను సూత్రము ఇంకను పలువురి నోట వినబడుచున్నది. దానికొక కాలమున కారణములుండెను. పూర్వపు బర్కిలీ యునిక్సులలో ప్రతి అనామకపుటకును డిస్కులో ముందుగనే చోటు కేటాయింపబడుచుండెను; స్వాపు ర్యామునకు తక్కువైనచో ర్యామే వృథా. 2001లో వెలువడిన లినక్సు 2.4 తొలి కూర్పులలో, స్వాపునుండి మరల లోనికి వచ్చిన పుట అచ్చటి తన చోటును విడువకుండెను. అందుచేత రెట్టింపు కావలసివచ్చెను. ఆ కారణములు ఎన్నడో తొలగినవి. ముప్పదిరెండు గిగాబైట్ల యంత్రమునకు అఱువదినాలుగు గిగాబైట్ల స్వాపు కేటాయించుట డిస్కును పాడుపెట్టుటయే. నాలుగు గిగాబైట్ల యంత్రమునకు నాలుగు, ఎనిమిది పదునాఱు గలవానికి రెండు మొదలు నాలుగు, అంతకు మించినవానికి ఒకటి రెండు చాలునని నా సలహా. అయితే యంత్రము స్మృతిలోని సమస్తమును డిస్కులో వ్రాసికొని పూర్తిగా ఆఱిపోయి, మరల తెఱచినప్పుడు విడిచిన చోటనే మేల్కొను సదుపాయమొకటి కలదు. దానికి హైబర్నేషన్ అని పేరు. లినక్సులో అది కావలెనన్నచో స్వాపు ర్యామంత యుండుట క్షేమము. డిస్కులో ప్రత్యేకముగా ఒక విభాగము కోయనక్కఱ లేదు. సామాన్యమైన ఫైలే చాలును. ఉబుంటు 2017 ఏప్రిలు కూర్పునుండి ఆ మార్గమునే అవలంబించినది. దానిని తరువాత పెంచవచ్చును, తగ్గింపవచ్చును.

డిస్కును తాకని స్వాపు గూడ ఒకటి కలదన్న మీకు వింతగా తోచవచ్చును. ర్యాములోనే కొంత భాగమును తీసికొని, నిద్రించు పుటలను అణచి చిన్నవి చేసి అందు దాచు పద్ధతి అది. లినక్సులో దీనిని జీర్యామ్ అందురు. 2014లో అది కెర్నెలు యొక్క ముఖ్యభాగమున చేరెను. పుటలు సామాన్యముగా సగమునకో మూడవవంతునకో అణగును. వకీలుగారి గుమాస్తా పాత చిత్తులను సన్ననియక్షరములలో తిరుగ వ్రాసి ఒక్క కాగితమున ఇమిడ్చినట్లన్నమాట. అణచుటకును విప్పుటకును ప్రాసెసరునకు కొంత శ్రమ కలుగును. అయినను డిస్కునకు పోయి వచ్చుటకంటె అది ఎన్నో రెట్లు త్వరితము. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను బహుశః ఈ పద్ధతినే వాడుచున్నది. ఫెడోరా 2020 చివర వెలువడిన కూర్పునుండి దీనినే సహజముగా అమర్చుచున్నది. ఆపిల్ యంత్రములలో 2013 నుండియు, విండోసులో 2015 నుండియు ఇట్టి యేర్పాటే కలదు. మన డీటీపీ పనివానికి నేను మొదట చెప్పదగిన సలహా ఇదియే: సగము ర్యాము పరిమాణమున జీర్యామ్, దాని వెనుక డిస్కులో ఒక చిన్న స్వాపు ఫైలు.

ఎస్ఎస్‌డీ అఱిగిపోవునను భయమొకటి ప్రచారములో నున్నది. నిద్రించు పుటలు అప్పుడప్పుడు పోయి వచ్చుట వలన అఱిగినంత మాత్రమునకు లెక్క లేదు. రేయింబవళ్లు థ్రాషింగ్ జరుగుచున్న యంత్రమున అఱుగును; కాని అట్టి యంత్రము ముందుగా యజమాని ఓపికను అఱగదీయును. రహస్యముల విషయము దీనికంటె గమనింపదగినది. స్మృతిలో నున్న సంకేతపదము గాని, బ్యాంకు వివరము గాని స్వాపుతో పాటు డిస్కునకు చేరి, యంత్రము నాపినను అచ్చటనే నిలిచియుండవచ్చును. ల్యాప్‌టాపు దొంగల పాలైనచో అది ప్రమాదము. డిస్కును గుప్తీకరించుకొనువారు స్వాపును గూడ అందు చేర్చవలెను.

మీ యంత్రమునకు ఉన్న స్మృతి చాలుచున్నదో లేదో తెలియుటకు స్వాపులో ఎంత నిండినదని చూచుట సరియైన పరీక్ష కాదు. లినక్సులో వీఎమ్‌స్టాట్ అను ఆదేశమును, సెకండునకు ఒక్కమాఱు చూపునట్లు నడపుడు. అందు ఎస్ఐ, ఎస్ఓ అను రెండు వరుసలుండును. మొదటిది స్వాపునుండి లోనికి వచ్చునది, రెండవది బయటికి పోవునది. వరుసలోని మొదటి పంక్తి యంత్రమును తెఱచినది మొదలు నేటివరకు గల సగటు కావున దానిని విడిచిపెట్టి, తరువాతి పంక్తులను మీరు మామూలుగా పని చేయుచుండగా చూడుడు. స్వాపు సగము నిండియున్నను ఆ రెండు వరుసలును సున్నలుగా నున్నచో, పాత కాగితములు సొరుగులో నిద్రించుచున్నవని అర్థము. అప్పుడప్పుడు చిన్న యంకెలు మెఱసి మాయమైనచో అదియు సహజమే. రెండింటను పెద్ద అంకెలు ఎడతెగక పాఱుచున్నచో మాత్రము, ఏ ప్రోగ్రామును మూయవలెనో చూచుకొనుడు.